బి.ఎస్సీ. అయ్యాక ఏంది? వాడంతా కూర్చొని మాట్లాడుకోవాల్సిన సంగతి

ఈ రోజు బి.ఎస్సీ. చదివే పిల్లలు లేని వాడ మనకు కనపడదు. తాతలు జీతాలకుండిన ఇళ్ల నుంచి, అమ్మలు నాట్లకూ కలుపులకూ పోయే ఇళ్ల నుంచి పిల్లలు పొద్దున్నే బస్సెక్కి టౌనులో డిగ్రీ కాలేజీకి పోతున్నారు. ఫిజిక్సు, కెమిస్ట్రీ, బాటనీ, జువాలజీ, లెక్కలు చదువుతున్నారు. డిగ్రీ కాగితం చేతికొచ్చాక మాత్రం వాళ్ల ముందు మనం పెట్టే దారులు నాలుగే. కానిస్టేబులు సెలక్షను. బి.ఇడి. చేసి డి.ఎస్సీ. హైదరాబాదు పోయి ఏదో ఒక కంప్యూటర్ కోర్సు. అదీ కాకపోతే మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ. ఆడపిల్లయితే ఐదోది పెళ్లి.

ఆ కొలువులను మేం తక్కువ చెయ్యడం లేదు. అవి ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగిస్తున్నాయి. మేం అడిగేదల్లా ఒక్కటే. అదే సైన్సు చదివిన పిల్లలకు ఆరో దారి ఒకటుంది. దాని పేరు పరిశోధన. పెద్ద కులాల ఇళ్లలో పదో తరగతి పిల్లోడికి కూడా తెలిసిన ఆ దారి, మన ఇంట్లో డిగ్రీ పాసైన పిల్లకు కూడా ఎందుకు తెలియడం లేదు? మన సంఘాలు పోరాడే భూమి, కూలి, శ్మశానం, దాడులు - వీటి పక్కన ఈ సంగతికి చోటు ఎందుకు లేదు? చోటు ఇవ్వాలని మేం అంటున్నాం. ఎందుకో చెబుతాం.

దారి ఎట్లుంటుంది?

ముందు దారి తెలియాలి. తెలియనిదాన్ని అడగలేం.

డిగ్రీ మూడేళ్లు, ఆనర్స్ అయితే నాలుగు. ఆ తర్వాత ఎం.ఎస్సీ. రెండేళ్లు. మన రాష్ట్రాల యూనివర్సిటీల్లో సీటుకు తెలంగాణలో సి.పి.జి.ఇ.టి., ఆంధ్రలో పి.జి.సెట్ రాయాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి కేంద్ర యూనివర్సిటీలకు సి.యు.ఇ.టి. పి.జి. ఉంది. ఐ.ఐ.టి. అంటే ఇంజనీర్లకే అనుకుంటారు మనవాళ్లు. అది నిజం కాదు. మామూలు బి.ఎస్సీ. చదివిన పిల్లలు 'జామ్' అనే పరీక్ష రాసి ఐ.ఐ.టి.లో ఎం.ఎస్సీ. చదవొచ్చు. ఆ పరీక్ష ఏటా ఫిబ్రవరిలో జరుగుతుంది. దరఖాస్తు మాత్రం ముందటి ఏడాదే పెట్టాలి. డిగ్రీ ఆఖరి పరీక్షలు రాసి రిజల్టు చూసుకొని అప్పుడు ఆలోచిద్దామనుకునే పిల్లకు ఆ ఏడాది తలుపు అప్పటికే మూతపడి ఉంటుంది.

డిగ్రీలో ఉండగానే తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. బెంగుళూరు, ఢిల్లీ, అలహాబాదుల్లోని మూడు సైన్సు అకాడమీలు కలిసి ఎండాకాలంలో రెండు నెలలు విద్యార్థులను పెద్ద శాస్త్రవేత్తల దగ్గర పనికి పంపిస్తాయి. స్టైపెండు ఇస్తారు, దారి ఖర్చులు ఇస్తారు. దీనికీ ముందటి ఏడాది చివర్లోనే దరఖాస్తు పెట్టాలి. ఒక లెక్చరర్ సిఫారసు ఉత్తరం కావాలి. మన పిల్లలు ఎక్కువగా ఆగిపోయేది ఆ ఉత్తరం దగ్గరే. లెక్చరర్ గది ముందు నిలబడి "సార్, నాకు ఉత్తరం రాసివ్వండి" అని అడగడానికి తరాల నాటి బెరుకు అడ్డమొస్తుంది.

ఎం.ఎస్సీ. అయ్యాక అసలు గేటు సి.ఎస్.ఐ.ఆర్. నెట్ పరీక్ష. ఫిజిక్సు, కెమిస్ట్రీ, జీవశాస్త్రం, లెక్కలు, భూమి - వాతావరణ శాస్త్రాలు, ఈ ఐదింటికి జరుగుతుంది. రాయడానికి ఎం.ఎస్సీ.లో మిగతావాళ్లకు నూటికి 55 మార్కులుండాలి, మనకు 50 చాలు. ఫెలోషిప్పు వయసులో మనకు 5 ఏళ్ల సడలింపు ఉంది. ఇందులో జె.ఆర్.ఎఫ్. వస్తే పిహెచ్.డి.కి చేరిన నాటి నుంచి జీతం లాంటి ఫెలోషిప్పు వస్తుంది. 2023 జనవరి నుంచి అది మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000. ఇంటద్దె వేరే. ఆ పరీక్షే అసిస్టెంట్ ప్రొఫెసర్ కొలువుకూ అర్హత. అంటే పరిశోధనలో నిలవలేకపోయినా చదివింది గంగలో పోదు.

ఈ నాలుగు ముక్కలు మన వాడల్లో ఎంతమందికి తెలుసు? ఎవరి మేనమామ ప్రొఫెసరో, ఎవరి పెదనాన్న సైంటిస్టో వాళ్ల పిల్లలకు అన్నం ముద్దతో పాటే ఇవి నోట్లోకి పోతాయి. మన పిల్లల మేనమామ సుతారి మేస్త్రి. ఆ మేస్త్రికి తెలియకపోవడం తప్పు కాదు. తెలిసినవాళ్లు ఆయన ఇంటిదాకా రాకపోవడం తప్పు.

ఎక్కడెక్కడ గేట్లు వేశారు?

మొదటి గేటు భాష. జామ్ పేపరు ఇంగ్లీషులోనే వస్తుంది. సి.ఎస్.ఐ.ఆర్. నెట్ పేపరు ఇంగ్లీషులోనూ హిందీలోనూ వస్తుంది. హిందీ పిల్లోడు తన భాషలో ప్రశ్న చదువుకోవచ్చు గానీ తెలుగు పిల్లకు ఆ వీలు లేదు. పదో తరగతి దాకా తెలుగులో చదివిన పిల్ల డిగ్రీ మొదటి ఏడంతా పాఠం కంటే ముందు ఆ పాఠంలోని మాటలతో కుస్తీ పడుతుంది. ఆ కుస్తీని చూసి "వీళ్లకు సబ్జెక్టు రాదు" అంటారు.

రెండో గేటు డబ్బు. అంబేద్కర్ వైస్రాయి కౌన్సిల్లో ఉన్న రోజుల్లో, 1944లో మొదలైంది మన పోస్ట్ మెట్రిక్ స్కాలర్షిప్పు. ఎనభై ఏళ్లు దాటినా అది వేళకు రాదు. ఫీజు రీయింబర్సుమెంటు బకాయిల కోసం తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు 2024లోనూ 2025లోనూ బందు పెట్టాయి. సర్కారు కాలేజీకి బాకీ పడితే, కాలేజీ పిల్ల సర్టిఫికెట్లను బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. పెద్దవాళ్ల బాకీకి పిల్ల చదువు తాకట్టు. ఎం.ఎస్సీ. కౌన్సెలింగుకు టి.సి. కావాలి, మెమోలు కావాలి. అవి విడిపించుకునే లోపల సీటు పోతుంది. ఇది చాలదన్నట్టు, బి.ఎస్సీ. రోజుల నుంచే నెలకు 5,000 రూపాయలిచ్చి పరిశోధన వైపు నడిపించిన కె.వి.పి.వై. అనే కేంద్ర పథకాన్ని 2022లో ఎత్తేశారు.

పరీక్షలు జరిపే తీరు కూడా బీదవాడి మీదే పడుతుంది. 2024 జూన్ 18న యు.జి.సి. నెట్ పెట్టి మర్నాడే రద్దు చేశారు. అదే నెలాఖర్లో జరగాల్సిన సి.ఎస్.ఐ.ఆర్. నెట్టును వాయిదా వేసి జులైలో పెట్టారు. కారున్నోడికి వాయిదా అంటే ఇంకో నెల చదువుకునే వీలు. కూలి డబ్బుతో రైలు టిక్కెట్టు కొనుక్కున్న పిల్లకు వాయిదా అంటే ఇంకో నెల హాస్టలు ఖర్చు, ఇంకో టిక్కెట్టు, ఇంట్లో ఇంకోసారి చెప్పుకోవాల్సిన సంజాయిషీ.

మూడో గేటు కులం. ఇది ల్యాబు లోపల ఉంటుంది. పరిశోధనలో గైడు చెయ్యి పట్టుకోకపోతే అడుగు పడదు. ఏ విద్యార్థిని ఎవరు తీసుకోవాలి, ఏ మిషను మీద ఎవరు పని చెయ్యాలి, పేపరు మీద ఎవరి పేరు ముందుండాలి, అన్నీ గైడు చేతిలో ఉంటాయి. ఆ గైడులెవరు? దేశంలో పేరు మోసిన సంస్థల్లో ప్రొఫెసర్లుగా దళితులూ ఆదివాసులూ నూటికి ఒక్కరు కూడా లేరని 2023లో 'నేచర్' అనే సైన్సు పత్రిక రాసింది. రిజర్వుడు పోస్టుకు ఇంటర్వ్యూ పెడతారు, "తగినవారు దొరకలేదు" అని రాస్తారు, పోస్టు ఖాళీగా ఉంచుతారు. 2018లో యూనివర్సిటీని మొత్తంగా కాక ఒక్కో డిపార్టుమెంటును విడిగా లెక్కగట్టే రోస్టరు తెచ్చి మన పోస్టులు మింగాలని చూశారు. దేశమంతా రోడ్డెక్కితే 2019లో చట్టం చేసి పాత లెక్కకు వచ్చారు. ఆ చట్టంలో కూడా ఒక కంత పెట్టారు. టాటా మూలశాస్త్ర పరిశోధన సంస్థ, హోమీ భాభా సంస్థ, అహ్మదాబాదు భౌతిక పరిశోధనశాల లాంటివాటిని 'శ్రేష్ఠ సంస్థలు' అని చెప్పి ఉపాధ్యాయుల రిజర్వేషన్ నుంచి తప్పించారు. శ్రేష్ఠం ఉన్న చోట మనం ఉండకూడదని చట్టంలోనే రాసుకున్నారన్నమాట.

"మన రోహిత్ ఏమయ్యాడో చూళ్లేదా?"

ఈ మాట వాడల్లో వినపడుతుంది. తల్లులు అంటారు. అనే హక్కు వాళ్లకుంది.

గుంటూరు నుంచి పోయిన రోహిత్ వేముల హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఫెలోషిప్పు తెచ్చుకున్న పరిశోధక విద్యార్థి. నక్షత్రాల గురించి జనానికి చెప్పిన కార్ల్ సేగన్ లాగా సైన్సు రచయిత కావాలని కోరుకున్నవాడు. ఆయన ఫెలోషిప్పు నెలల తరబడి ఆగింది. హాస్టలు నుంచి ఆయన్నూ ఇంకో నలుగుర్నీ వెళ్లగొట్టారు. వాళ్లు బయట గుడారమేసుకొని దానికి వెలివాడ అని పేరు పెట్టారు. 2016 జనవరి 17న రోహిత్ మనకు లేకుండా పోయాడు. అంతకు ముందు 2008లో అక్కడే ఫిజిక్సులో పరిశోధనకు తమిళనాడు నుంచి వచ్చిన సెంథిల్ కుమార్ కూడా ఇట్లాగే పోయాడు. ఆ పిల్లోడికి గైడు కూడా దొరకలేదు.

అందుకని పంపొద్దా? ఈ ప్రశ్న దగ్గర మేం చాలా సేపు ఆగాం. పిల్లల ప్రాణం కంటే ఏ డిగ్రీ గొప్పది కాదు. అయితే ఒక సంగతి చూడండి. వాళ్లకు చదువు చేతగాక కాదు. తెలివితో గేట్లన్నీ దాటి పోయినవాళ్లే. లోపల ఒంటరిగా మిగిలారు. చెరువులో నీళ్లు ముట్టనివ్వకపోతే బాబాసాహెబ్ చెరువు వదిలి రాలేదు. 1927లో మహద్‌కు వేలమందిని వెంటబెట్టుకొని పోయారు. ల్యాబుకు కూడా ఒక్కర్ని పంపి చేతులు దులుపుకోవడం కాదు, వెనక వాడ ఉందని లోపలివాళ్లకు తెలిసేట్టు పంపాలి. పంపడం మానేస్తే వాళ్లు కోరుకున్నదే మనం చేసినట్టు.

మధ్యలో డబ్బు ఆగిపోవడం మనకు కొత్త కాదు. 1913లో బరోడా స్కాలర్షిప్పుతో న్యూయార్కు పోయిన అంబేద్కర్, ఆ గడువు తీరిపోతే 1917లో లండన్ చదువు సగంలో వదిలి రావాల్సి వచ్చింది. బొంబాయిలో పాఠాలు చెప్పి డబ్బు కూడబెట్టి, కొంత అప్పు చేసి, 1920లో మళ్లీ ఓడెక్కారు. 1923లో డి.ఎస్సీ. పట్టా తెచ్చుకున్నారు. ఆగిన చదువు ఓడిన చదువు కాదని మన పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇంకో మనిషి మేఘనాథ్ సాహా. ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఢాకా దగ్గర ఒక పల్లెలో 1893లో చిల్లర కొట్టు వాడి ఇంట పుట్టాడు. కలకత్తా హాస్టల్లో పెద్ద కులాల పిల్లలు ఆయనతో కలిసి తినమన్నారు. ఆ మనిషే 1920లో, నక్షత్రం వెలుగును చూసి దాని వేడినీ లోపలి పదార్థాల తీరునూ కనిపెట్టే సూత్రం ఇచ్చాడు. అది ఇప్పటికీ ఆయన పేరు మీదనే ఉంది. 1952లో పార్లమెంటుకు గెలిచాడు. పక్కన కూర్చోనివ్వని వాళ్ల పేర్లు ఎవరికి గుర్తున్నాయి?

వాడకు దీనివల్ల ఏం ఒరుగుతుంది?

కొందరు కార్యకర్తలు అడుగుతారు. ఒకడు సైంటిస్టయి బంగళాలో కూర్చుంటే మనకేంటి అని. అది నిజమైన ప్రశ్నే. మాట దాటవెయ్యకుండా జవాబు చెప్పాలి.

మొదటిది, ఈ విద్య మనకు పరాయిది కాదు. మాదిగ లందలో జరిగిందంతా కెమిస్ట్రీయే. తోలును సున్నంలో నానబెట్టి వెంట్రుక ఊడదీయడం, తంగేడు చెక్క నీళ్లలో ఊరబెట్టడం - చెక్కలోని టానిన్ తోలులోని మాంసకృత్తును పట్టుకొని కుళ్లకుండా ఆపుతుంది. మన తాతలకు ఆ పేర్లు తెలియవు. పని తెలుసు, పాళ్లు తెలుసు, రోజులు తెలుసు. 1948లో మద్రాసులో తోళ్ల పరిశోధన సంస్థ పెట్టారు. చేతిలో విద్య ఉన్నవాడికి అంటరానివాడని పేరు పెట్టి, ఆ విద్యనే గోడల మధ్య పెడితే శాస్త్రమన్నారు. ఆ గోడ లోపలికి మన పిల్లలు పోవడమంటే దానం అడుక్కోవడం కాదు.

రెండోది, ఏ ప్రశ్న మీద పరిశోధన జరగాలో తేల్చేది ప్రశ్న అడిగే మనిషే. శ్రీకాకుళం ఉద్దానంలో కొబ్బరి తోటల మధ్య ఏళ్ల తరబడి కిడ్నీలు చెడిపోయి మనుషులు చనిపోతున్నారు. ఇదీ కారణమని ఇప్పటికీ తేలలేదు. నల్లగొండ పల్లెల్లో ఫ్లోరైడు నీళ్లు తాగి తరాలు వంగిపోయాయి. మనుషుల చేత మలం ఎత్తించొద్దని 1993లో ఒక చట్టం, మురుగు గుంతల్లోకి మనుషుల్ని దింపొద్దని 2013లో ఇంకో చట్టం వచ్చాయి. చావులు ఆగలేదు. చంద్రుడి మీదికి యంత్రాన్ని దింపిన దేశంలో మురుగు గుంతలోకి యంత్రాన్ని దింపడం తెలివికి అందని పనా? తెలివి ఉంది. ఆ గుంతలో ఎవరి అన్న చచ్చిపోయాడో ఆ ఇంటి పిల్ల ల్యాబులో లేదు. పురుగుమందు పిచికారీ చేసే కూలీ ఒంట్లోకి ఏం పోతోంది, బీడీ చుట్టే ఆడమనిషి ఊపిరితిత్తులేమవుతున్నాయి, ఇవి మన ఇంట్లో రోజూ ఉండే ప్రశ్నలు. అవి ల్యాబులోకి పోవాలంటే మనిషి పోవాలి.

పోయిన ప్రతి ఒక్కరూ వాడను గుర్తుపెట్టుకుంటారని మేం హామీ ఇవ్వలేం. కొందరు ఇంటి పేరు మార్చుకొని, ఊరి పేరు దాచుకొని బతుకుతారు. దానికీ కారణం ఒంటరితనమే. దారిలో మనం తోడుంటే దారి చివర వాళ్లు మనల్ని మరిచిపోవడం కష్టం.

"పదేళ్లు ఎట్లాగన్నా?"

ఇంట్లో వచ్చే అసలు మాట ఇది. 18 ఏళ్లకు డిగ్రీలో చేరితే పిహెచ్.డి. చేతికొచ్చేసరికి 28 దాటుతాయి. అప్పు ఉంటుంది. చెల్లెలి పెళ్లి ఉంటుంది. అయ్యకు కాళ్లు పనిచెయ్యవు. ఇంతకాలం ఆగగల ఇళ్లు మన దగ్గర తక్కువని మాకు తెలుసు. కానీ లెక్క సరిగ్గా చూడాలి. పదేళ్లూ ఇల్లు పోషించాల్సిన పని లేదు. కష్టమైనవి మొదటి ఆరేళ్లు. జె.ఆర్.ఎఫ్. వచ్చిన రోజు నుంచి పిల్లే ఇంటికి డబ్బు పంపగలుగుతుంది. ఎస్సీ విద్యార్థుల జాతీయ ఫెలోషిప్పు ఏటా 2,000 మందికి వేరే ఉంది. దానికీ నెట్ పరీక్షే కొలబద్ద. కాబట్టి మోయాల్సింది ఆ ఆరేళ్లు. అందులోనూ ఎం.ఎస్సీ. రెండేళ్లు, నెట్ రాసే ఆ తర్వాతి ఏడాది. ఆ కాలం ఒక్క ఇల్లు మొయ్యలేకపోతే పది ఇళ్లు కలిసి మొయ్యాలి.

ఆడపిల్లల సంగతి గట్టిగా చెప్పుకోవాలి. తెలంగాణలో 2016లో సాంఘిక సంక్షేమ గురుకులాల కింద ఆడపిల్లలకు 30 డిగ్రీ కాలేజీలు పెట్టారు. అక్కడ చదివిన పిల్ల డిగ్రీ అయిపోయి ఇంటికొచ్చేసరికి సంబంధం సిద్ధంగా ఉంటే, ఆ గేటు వేసింది మనువు ఒక్కడే కాదు, మనం కూడా. ఈ మాట మన మీటింగుల్లో మగవాళ్లకు నచ్చదు. అయినా చెప్పి తీరాలి.

సంఘాలు చెయ్యాల్సిన పనులు

పెద్ద పనులేమీ చెప్పడం లేదు. ఏప్రిల్ 14న దండలు వేసి ఉపన్యాసాలయ్యాక ఒక గంట ఈ పనికి పెట్టండి.

ప్రతి వాడలో బి.ఎస్సీ. చదివే పిల్లల పేర్లు ఒక నోటుబుక్కులో రాయండి. ఎవరు ఏ ఏడు, ఏ సబ్జెక్టు. ఆ ఏడాది పరీక్షల తేదీలు, దరఖాస్తు ఆఖరి రోజులు అంబేద్కర్ భవనం గోడ మీద పెద్దక్షరాలతో రాయండి.

కులం, ఆదాయం సర్టిఫికెట్లు కేంద్ర సంస్థలు అడిగే నమూనాలో ముందే తీయించండి. ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరగడం మన కార్యకర్తలకు వచ్చిన విద్యే.

దరఖాస్తు ఫీజుకూ పరీక్షకు పోయే దారి ఖర్చుకూ చందా వెయ్యండి. జాతరకు వేసినట్టే.

ఇప్పటికే ఎం.ఎస్సీ., పిహెచ్.డి. చదువుతున్న మన పిల్లల్ని సెలవుల్లో వాడకు పిలిచి చిన్నవాళ్లతో మాట్లాడించండి. దూరం పోయినవాళ్లకు నెలకోసారి ఫోను చెయ్యండి. "ఎట్లున్నవు బిడ్డా, గైడు సరిగా చూస్తున్నడా, డబ్బు వచ్చిందా" అని అడగండి. ప్రతి ఉన్నత విద్యాసంస్థలో సమాన అవకాశాల కేంద్రం, వివక్ష మీద ఫిర్యాదు తీసుకునే అధికారి ఉండాలని 2012 నాటి యు.జి.సి. నిబంధనలు చెప్పాయి. ఆ అధికారి ఎవరో, కూర్చునేది ఎక్కడో పిల్ల చేరిన వారంలోనే కనుక్కోమనండి.

సర్కార్లను అడగాల్సినవి కూడా స్పష్టంగా ఉండాలి. నెట్ పేపరు తెలుగులో కూడా ఇవ్వాలి. ఫెలోషిప్పు జీతంలాగా నెలనెలా పడాలి. రీయింబర్సుమెంటు బకాయికి పిల్లల సర్టిఫికెట్లు పట్టుకోవడాన్ని నేరం చెయ్యాలి. ప్రతి డిపార్టుమెంటు పిహెచ్.డి. సీట్లలో మనవాళ్లకు ఎన్ని ఇచ్చారో, ఎన్ని ఖాళీ పెట్టారో ఏటా బోర్డు మీద పెట్టాలి. 2019 చట్టంలోని 'శ్రేష్ఠ సంస్థల' మినహాయింపు ఎత్తెయ్యాలి.

బాబాసాహెబ్ చదువును మొదటి మాటగా పెట్టారు. దాన్ని మనం బడి దాకా తెచ్చాం, హాస్టలు దాకా తెచ్చాం, డిగ్రీ దాకా తెచ్చాం. అక్కడ ఆపమని ఆయన చెప్పలేదు. ఈ పత్రిక చదివి మడిచి చూరులో పెట్టకుండా, మీ వాడలో బి.ఎస్సీ. చదివే పిల్ల ఇంటికి పోయి చదివి వినిపించండి. ఆ పిల్ల తల్లి పక్కన కూర్చునే వేళకు పోండి. నిర్ణయం అక్కడే జరగాలి.

జై భీమ్.